పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మోడరేటర్ కత్తెరకు లెక్క ఉందా?

ఆన్‌లైన్ చర్చా బృందాల మోడరేటర్ల మీద ఈసారి రెండు వైపుల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. పోస్టులు పోగొట్టుకున్నవాళ్లు రాశారు, పోస్టులు తీసి తిట్లు తిన్నవాళ్లూ రాశారు. పక్కపక్కన పెట్టి చదివితే, పోస్టు పోయిందన్న బాధ కన్నా ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదన్న బాధే ఎక్కువగా కనిపిస్తోంది. అందుకే ఆ ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: రెండు గంటలు కూర్చుని రాసిన పోస్టు మాయమైంది. ఎందుకని గ్రూపులో అడిగితే ఆ ప్రశ్న కూడా మాయమైంది. మూడోసారి అడిగితే నన్నే తీసేశారు. ఇదేం నిరంకుశత్వం? నేనిప్పుడేం చెయ్యాలి?
– పేరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. కానీ అడిగిన చోటు మాత్రం తప్పు. అసలు మీ పోస్టును తీసింది మనిషేనా అన్నది ముందు చూడాలి. ఖాతా కొత్తదైనా, పోస్టులో రెండు మూడు లింకులున్నా, నిషిద్ధ పదాల జాబితాలోని మాట ఒకటి దొర్లినా చాలా చోట్ల ఫిల్టర్ దానంతటదే ఆపేస్తుంది. అలా ఆగిన పోస్టు మోడరేటర్ల పరిశీలన వరసలో పడి ఉంటుంది, ఇంకా ఎవరూ తెరిచి చూసి ఉండరు. అదే పోస్టును మళ్లీ మళ్లీ పెడితే ఫిల్టర్ మిమ్మల్ని స్పామర్ లెక్కలో వేస్తుంది. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ఏ ఒక్క మోడరేటర్ సొంత ఇన్‌బాక్సుకూ వెళ్లకుండా మోడరేటర్లందరికీ కలిపి చేరే సందేశపెట్టెకు రాయండి. ఒక్కరికి రాస్తే ఆయనే తీసి, ఆయనే విచారించి, ఆయనే కొట్టేసే అవకాశం ఉంది. పోస్టు లింకు లేదా స్క్రీన్‌షాట్, పెట్టిన తేదీ, సమయం ఇవ్వండి. ఏ నియమం కింద తీశారనుకుంటున్నారో, అది ఆ నియమం కిందికి ఎందుకు రాదో రెండు వాక్యాల్లో చెప్పండి. పోస్టు తిరిగి పెట్టాలా, మిమ్మల్ని మళ్లీ చేర్చాలా, కారణం చెబితే చాలా అన్నది చివర్లో స్పష్టంగా రాయండి. 48 గంటలు ఆగి ఒక్కసారి గుర్తు చేయండి. ఈలోగా రెండో ఖాతాతో లోపలికి దూరొద్దు. బ్యాన్ తప్పించుకుని రావడాన్ని చాలా వేదికలు వేరే నేరంగా చూస్తాయి. అసలు విషయంలో న్యాయం మీ వైపే ఉన్నా దాంతో అది పోతుంది.

ఇక మోడరేటర్ల వైపు. పోస్టు తీసినప్పుడు నాలుగు సంగతులు చెప్పాలి: ఏ పోస్టు, ఏ నియమం కింద, తీసింది యంత్రమా మనిషా, అభ్యంతరం ఉంటే ఎవరికి రాయాలి. 2018లో పౌర సంస్థలు, పరిశోధకులు కలిసి ప్రకటించిన శాంటా క్లారా సూత్రాలు కూడా పెద్ద కంపెనీలను ఇలాంటివే అడిగాయి: ఎన్ని తీశారో లెక్క చెప్పండి, తీసినట్టు తెలపండి, అప్పీలుకు దారి ఇవ్వండి. 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం కారణం చెప్పడాన్ని తప్పనిసరి చేసింది. ఊరికే పని చేసే గ్రూపు మోడరేటరును దృష్టిలో పెట్టుకుని రాసినవి కావివి. అయినా నమూనాగా పనికొస్తాయి.

‘ప్రతిదానికీ కారణం రాసే తీరిక ఎక్కడిది?’ అని మోడరేటర్లు అంటారు. రెడిట్ అనే చర్చావేదికలోని పోస్టుల మీద 2019లో వచ్చిన ఒక పరిశోధన దీనికి జవాబు చెప్పింది. కారణం తెలుసుకున్నవాళ్ల తర్వాతి పోస్టులు తొలగింపుకు గురయ్యే అవకాశం తగ్గింది. ఆ కారణాన్ని మనిషి రాసినా బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రాము) పంపినా ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి నియమానికొకటి చొప్పున ముందే జవాబులు రాసిపెట్టుకుంటే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది.

ప్రశ్న: నాలుగు వేల మంది ఉన్న గ్రూపుకు కొత్తగా మోడరేటర్‌నయ్యాను. నియమాలు ఎన్ని ఉండాలి, ఎలా రాయాలి?
– కొత్త మోడరేటర్

జవాబు: ఏడెనిమిది దాటితే ఎవరూ చదవరు. అంతకన్నా ముఖ్యం, అవి కొలవగలిగేలా ఉండాలి. ‘మర్యాదగా ఉండండి’ అన్నది నియమం కాదు, కోరిక. మర్యాద ఎక్కడ తెగుతుందో చెప్పండి: ‘వాదనను ఎంతైనా విమర్శించండి, రాసిన మనిషి తెలివి, పుట్టుక, రూపం, కుటుంబం జోలికి వెళ్లొద్దు.’ ‘ప్రచారం వద్దు’ అనే బదులు ‘సొంత లింకు నెలకు ఒకటి, దానితో కనీసం మూడు వాక్యాల వివరణ’ అనండి. అప్పుడు మీకూ అవతలివాళ్లకూ వాదన ఉండదు, లెక్క పెట్టుకోవడమే. ప్రతి నియమం కింద తీసేసే పోస్టుకు ఒక ఉదాహరణ, ఉంచేదానికి ఒక ఉదాహరణ ఇవ్వండి. ఆ రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. బూతుల పోస్టును ఒక పక్క, పూలగుత్తి లాంటి పోస్టును ఇంకో పక్క పెడితే ఎవరికీ ఏమీ తెలియదు.

రాసిన నియమాలను ‘మా గురించి’ పేజీలో దాచేయకండి. ఒక పెద్ద సైన్సు చర్చా బృందంలో 2,190 చర్చల మీద చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, నియమాలను చర్చ పైనే కనిపించేలా పెట్టినప్పుడు కొత్తవాళ్లలో నియమాలు పాటించేవారి శాతం 8 పాయింట్లకు పైగా పెరిగింది. నియమాలు చూస్తే జనం జడుసుకుంటారని చాలామంది భయం. అక్కడ కొత్తవాళ్ల పాల్గొనడం సగటున 70 శాతం పెరిగింది.

నియమం మార్చినప్పుడు తేదీ వేయండి. నిన్నటి పోస్టును ఇవాళ్టి నియమంతో తీయొద్దు. ‘మోడరేటర్ నిర్ణయమే అంతిమం’ అన్న వాక్యం దయచేసి పెట్టకండి. చదివే ప్రతివాడూ దాన్ని ‘మా ఇష్టం’ అని అర్థం చేసుకుంటాడు. అయితే నియమాల గీత మీదే కూర్చుని కాళ్లు ఊపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం ఒక సాధారణ నియమం అవసరమే. దాన్ని వాడాలంటే ఇద్దరు మోడరేటర్లు ఒప్పుకోవాలని పెట్టుకోండి. ఒకే రకం తప్పుకు మూడుసార్లు వాడాల్సి వచ్చిందంటే దానికి సొంత నియమం రాయాల్సిన రోజు వచ్చినట్టు.

ప్రశ్న: ఒక సభ్యుడు ప్రతి చర్చలోనూ ఎవరినో ఒకరిని గిల్లుతాడు. బూతు ఉండదు. హెచ్చరిస్తే నవ్వు బొమ్మ పెడతాడు. ఏకంగా బ్యాన్ చేస్తే తప్పా?
– విసిగిన మోడరేటర్

జవాబు: గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తితే ఆయన స్నేహితులు నలుగురు కలిసి ఆయన్ని వీరుణ్ని చేసి కూర్చోబెడతారు. మెట్లు పెట్టుకోండి. మొదట పోస్టు తీసి కారణం చెప్పడం. తర్వాత ఆయన వాక్యాన్నే ఎత్తి చూపుతూ వ్యక్తిగత హెచ్చరిక. ఆపైన 24 గంటల మ్యూట్, 7 రోజులు, 28 రోజులు, చివరికి శాశ్వత బ్యాన్. 30 అనకుండా 28 అనడానికి కారణం ఉంది. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో ‘టైమౌట్’ (కొంతకాలం రాయనివ్వకపోవడం) గరిష్ఠంగా 28 రోజులే పెట్టగలం. పనిముట్టు చేయలేని శిక్షను నియమాల్లో రాసుకోవడం వృథా. ఆరు నెలలు బుద్ధిగా ఉన్నవాళ్ల పాత హెచ్చరికలను కొట్టేయండి.

ఉమ్మడి సాగునీరు, అడవులు, మేత భూములను జనం తమంతట తాము ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, చాలాకాలం నిలిచిన ఏర్పాట్లలో గమనించిన లక్షణాల్లో ఈ మెట్ల శిక్ష ఒకటి. తొలి తప్పుకు చిన్న శిక్ష వేస్తే మనిషి సిగ్గుపడి సర్దుకుంటాడు, లోపలే ఉంటాడు. పెద్ద శిక్షతో మొదలుపెడితే ఇక పోగొట్టుకునేది లేక ఎదురు తిరుగుతాడు.

మీరు చెప్పిన మనిషి విషయంలో ఒక్కో గిల్లుడూ చిన్నదే, వరసే పెద్దది. అందుకని మోడరేటర్ల సొంత నోట్సులో తేదీ, లింకు, వాక్యం రాసుకుంటూ పోండి. మూడు కాగానే మూడూ కలిపి పంపండి: ‘ఇరవై రోజుల్లో ఇవి మూడు. దేనికదే చూస్తే వదిలేసేవే. నాలుగోది వస్తే 24 గంటల మ్యూట్.’ అంతే. గ్రూపులో అందరి ముందు ఆయనతో వాదనకు దిగొద్దు. ఆయనకు కావాల్సింది ఆ వేదికే.

చర్చ మొత్తం వేడెక్కితే మనుషులను పట్టుకునే ముందు వేగాన్ని తగ్గించండి. ఒక్కో సభ్యుడి రెండు సందేశాల మధ్య విరామం పెట్టే ‘స్లో మోడ్’ టెలిగ్రామ్‌లో కొన్ని సెకన్ల నుంచి గంట దాకా, డిస్కార్డ్‌లో 5 సెకన్ల నుంచి 6 గంటల దాకా ఉంటుంది. దానికీ లొంగకపోతే చర్చకు తాళం వేసి, ఆ తర్వాత తొలగింపులు మొదలుపెట్టండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గొడవ మొదలుపెట్టిన పై కామెంటు తీసి, దాని కింది జవాబులు ఉంచేస్తారు. అప్పుడు జవాబిచ్చినవాడే ఉత్తపుణ్యానికి విరుచుకుపడినట్టు కనిపిస్తాడు. తీస్తే కొమ్మ మొత్తం తీయండి.

మెట్లు ఎక్కించకూడని సందర్భాలూ ఉన్నాయి. ఇంకొకరి చిరునామా, ఫోన్ నంబరు, అంతరంగిక ఫొటోలు బయటపెట్టడం, చంపుతాం కొడతాం అని బెదిరించడం, స్పామ్ బాట్లు. వీటికి హెచ్చరిక ఉండదు.

ప్రశ్న: మా మోడరేటర్ చర్చల్లో అందరికన్నా గట్టిగా వాదిస్తారు. ఓడిపోతున్నారనిపించగానే చర్చకు తాళం పడుతుంది. అసలు మోడరేటర్లు చర్చల్లో పాల్గొనవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: పాల్గొనవచ్చు. విషయం తెలిసినవాళ్లనే సాధారణంగా మోడరేటర్లుగా పెడతారు. వాళ్ల నోరు కట్టేస్తే గ్రూపుకే నష్టం. కానీ వాదించిన చర్చలో కత్తెర పట్టకూడదు. మీరు చెప్పింది కంచే చేను మేయడం. వికీపీడియాలో తాము తలదూర్చిన వివాదంలో నిర్వాహకులు తమ అధికారాలు వాడకూడదన్నది గట్టి నియమం. స్లాష్‌డాట్ అనే పాత సాంకేతిక వార్తల సైటు దీన్ని మనుషుల నిగ్రహానికి వదలకుండా యంత్రంలోనే బిగించేసింది. అక్కడ మామూలు సభ్యులకే వంతులవారీగా కొన్ని మార్కులు ఇచ్చేవారు, వాటితో వ్యాఖ్యలను పైకీ కిందికీ నెట్టొచ్చు. మార్కులు వేసిన చర్చలోనే మీరూ వ్యాఖ్య రాస్తే మీరు వేసిన మార్కులన్నీ రద్దు.

ఆచరణలో ఇలా చేయాలి. మోడరేటర్ బ్యాడ్జి ఉన్న వేదికల్లో, నియమం గురించి మాట్లాడేటప్పుడే దాన్ని పెట్టుకోవాలి. అభిప్రాయం చెప్పేటప్పుడు తీసేయాలి. తాను పాల్గొన్న చర్చలో ఎవరో గీత దాటారనిపిస్తే ఇంకో మోడరేటర్‌కు ‘ఈ లింకు చూడండి, ఇందులో నేనూ ఉన్నాను’ అని మాత్రమే రాయాలి. ‘చూడండి, ఎలా వాగుతున్నాడో’ అని కలిపారంటే తీర్పు అక్కడే రాసేసినట్టు. స్పామ్, ఫోన్ నంబర్లు, బెదిరింపుల వంటి ఎవరు చూసినా తీసేసేవాటికి ఈ పట్టింపు అక్కర్లేదు.

పైకి కనిపించని చుట్టరికాలూ ఉంటాయి. గొడవపడుతున్నవాడు మోడరేటర్ స్నేహితుడు కావచ్చు, నిరుడు తనను తిట్టినవాడు కావచ్చు, చర్చిస్తున్న వస్తువు తాను అమ్మేదే కావచ్చు. ఈ మూడింట్లోనూ పక్కకు జరగడమే మంచిది. గ్రూపుకు ఒక్కరే మోడరేటర్ అయితే చర్చను 12 గంటలు ఆపి, మర్నాడు కోపం చల్లారాక చూడాలి. అంతకన్నా మంచిది, రెండో మనిషిని వెతుక్కోవడం.

మీరు ఇప్పుడు చేయగలిగింది: తాళం పడిన మూడు నాలుగు చర్చల లింకులు, ఒక్కోదాంట్లో ఆ మోడరేటర్ చివరి వ్యాఖ్య సమయం, తాళం పడిన సమయం పక్కపక్కన రాసి మిగతా మోడరేటర్లకు పంపండి. విశేషణాలు వద్దు. సమయాలే మాట్లాడతాయి.

ప్రశ్న: ఒకే తప్పుకు ఒకరికి హెచ్చరిక, ఇంకొకరికి నెల మ్యూట్. పక్షపాతం కాదని ఎలా నమ్మాలి?
– పాత సభ్యుడు

జవాబు: తేడా ఉన్నంత మాత్రాన పక్షపాతం కాదు. నెల మ్యూట్ పడినవాడికి ఇది నాలుగోసారి అయి ఉండొచ్చు, ఆ చరిత్ర మీకు కనిపించదు. కాబట్టి మోడరేటర్లు ‘శిక్షలో తేడా పాత హెచ్చరికల వల్ల’ అన్న ఒక్క ముక్క బయటికి చెప్పాలి. వివరాలు అక్కర్లేదు.

పక్షపాతం ఉందా లేదా అని లోపల పరీక్షించుకునే పద్ధతి ఉంది. గత నెలలో ఫిర్యాదు వచ్చిన 20 పోస్టులు తీసుకుని, పేర్లూ ఫొటోలూ చెరిపేసి, ఒక్కో మోడరేటర్‌కు విడిగా ఇవ్వండి. ఉంచాలా, తీయాలా, హెచ్చరించాలా అన్నది ఎవరికి వారు రాయాలి. తర్వాత ఒకరి జవాబులు ఇంకొకరి వాటితో, అందరివీ అప్పట్లో నిజంగా తీసుకున్న నిర్ణయాలతో పోల్చండి. పేర్లు లేకుండా అందరూ ‘తీయాలి’ అన్న పోస్టు అప్పట్లో ఉండిపోయిందంటే, అది ఎవరిదో చూడండి. చాలాసార్లు పాతకాపుల్లో ఒకరిదై ఉంటుంది. ఇక మోడరేటర్లే తలోమాట అన్న పోస్టుల్లో తప్పు సాధారణంగా నియమం రాతలో ఉంటుంది.

ఇంకో గుంట ఫిర్యాదులే. మోడరేటర్ కంటికి వచ్చేది ఎవరో ఒకరు రిపోర్ట్ చేసినదే. గ్రూపులో ఎక్కువమందికి నచ్చని అభిప్రాయం చెప్పేవాడి మీద రిపోర్టులు వస్తాయి, అందరికీ నచ్చినవాడు అంతకన్నా ఘోరంగా మాట్లాడినా రావు. ముప్పై రిపోర్టులు వచ్చాయంటే ముప్పై మందికి కష్టం కలిగిందని కాదు, వేరే గ్రూపులో ఎవరో లింకు పంచి ‘పదండి’ అని ఉండొచ్చు. రిపోర్టును ఓటుగా లెక్కించొద్దు. అది తలుపు తట్టడం వరకే. ఎవరూ రిపోర్ట్ చేయని వ్యాఖ్యలు కూడా వారానికి ఒక ముప్పై, ఎక్కడపడితే అక్కడ తీసి చదవండి.

ప్రశ్న: బూతుమాటల జాబితాతో ఫిల్టర్ పెట్టాం. మంచి పోస్టులు ఆగిపోతున్నాయి, బూతులు మాత్రం దాటిపోతున్నాయి. ఎక్కడ పొరపాటు?
– ఇద్దరు మోడరేటర్లు

జవాబు: ఇది పాత జబ్బే. 1996లో అమెరికా ఆన్‌లైన్ (ఏఓఎల్) అనే ఇంటర్నెట్ సంస్థ ఫిల్టర్ ఇంగ్లండ్‌లోని స్కన్‌తోర్ప్ ఊరివాళ్లను ఖాతాలు తెరవనివ్వలేదు, ఊరిపేరు మధ్యలో ఒక బూతుమాట ఉందని. తెలుగులో ఇంకా ఇబ్బంది. ‘కుక్క’ను నిషేధిస్తే ‘కుక్కర్’ ఆగిపోతుంది. ‘పంది’ని నిషేధిస్తే పెళ్లిపందిరి ఆగుతుంది. పోనీ మాట మొత్తం కలిస్తేనే ఆపమంటే, తెలుగులో విభక్తులు మాటకు అతుక్కునే వస్తాయి కదా, ‘పందులకు’, ‘పందివిరా’ అన్నవి దర్జాగా దాటిపోతాయి. దానికితోడు అదే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగైదు రకాలుగా రాస్తారు.

ఇంకో కిటుకు కంటికి కనిపించదు. ‘స్క్రీన్‌షాట్’ వంటి మాటల్లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా కీబోర్డులు ఒక అదృశ్య అక్షరాన్ని చొప్పిస్తాయి. కొందరు దాన్ని కావాలనే బూతుమాట మధ్యలో పెడతారు. కంటికి మాట అదే, యంత్రానికి వేరే మాట. కాబట్టి పోల్చే ముందు ఆ అదృశ్య అక్షరాలను, మధ్యలోని చుక్కలను, నక్షత్రాలను తీసేసి, ఒకే అక్షరం మూడుసార్లు వస్తే ఒకటిగా కుదించాలి. ఆ తర్వాత ఒక్కో మాటకూ అది రాగల రూపాలు, మినహాయించాల్సిన మాటలు రెండు జాబితాలుగా పెట్టుకోవాలి.

కొత్త పదం చేర్చినప్పుడు మొదటి రెండు వారాలు ఏమీ ఆపకుండా నమోదు మాత్రమే చేయించండి. దొరికిన వాటిలో పదింట ఒకటి కన్నా ఎక్కువ మంచి పోస్టులుంటే ఆ పదాన్ని సరిదిద్దండి. సరిదిద్దాక కూడా ‘తొలగించు’ అని కాకుండా ‘పరిశీలనకు ఆపు’ అని పెట్టండి. యంత్రం సొంతంగా తీసేయడానికి స్పామ్ లింకులు చాలు. తిట్టు తిట్టో, సరసమో, ఇంకొకరి తిట్టును ఎత్తి చూపి ఫిర్యాదు చేయడమో మనిషి చూస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: నేను రాసేవి నాకు కనిపిస్తున్నాయి గానీ ఎవరూ జవాబివ్వడం లేదు. ఇది ‘షాడో బ్యాన్’ అంటున్నారు. న్యాయమేనా?

జవాబు: లాగవుట్ అయి, బ్రౌజర్ ప్రైవేటు విండోలో మీ వ్యాఖ్య లింకు తెరిచి చూడండి. గ్రూపు అందరికీ కనిపించేదై ఉండి, మీ వ్యాఖ్య మాత్రం లేకపోతే అనుమానం నిజం కావచ్చు. స్పామ్ బాట్ల మీద ఈ పద్ధతి పని చేస్తుంది. పట్టుబడ్డామని తెలియక కొత్త ఖాతా తెరవవు. మనుషుల మీద వాడటం మాత్రం మోసమే అని మా అభిప్రాయం. తప్పు తెలియదు కాబట్టి దిద్దుకోలేరు, శిక్ష తెలియదు కాబట్టి అప్పీలు చేయలేరు.

ప్రశ్న: ‘పోస్టులు ముట్టుకుంటే బాధ్యత మన మీద పడుతుంది, ఏదీ తీయకపోవడమే క్షేమం’ అంటారు మా అడ్మిన్. నిజమా?

జవాబు: ఈ భయానికి చరిత్ర ఉంది. 1995లో న్యూయార్క్ కోర్టు ఒకటి, ప్రాడిజీ అనే సేవ తన చర్చావేదికలను అదుపులో పెడుతోంది కాబట్టి సభ్యుల పరువునష్టపు రాతలకు ప్రచురణకర్తలాగే బాధ్యురాలంది. అంతకు నాలుగేళ్ల ముందు, ఏమీ ముట్టుకోని కంప్యూసర్వ్ అనే ఇంకో సేవ అలాంటి కేసులోనే బయటపడింది. శుభ్రం చేసినవాడికి శిక్ష, చెత్త వదిలేసినవాడికి రక్ష అన్నమాట. ఆ వింతను సరిదిద్దడానికే 1996లో అమెరికా సెక్షన్ 230 అనే చట్ట నిబంధన తెచ్చింది. సద్బుద్ధితో తీసేసినందుకు వేదికను బాధ్యురాల్ని చేయకూడదని అందులో ఉంది. ఇది దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి మీ చోట చట్టం ఏమంటోందో న్యాయవాదిని అడగండి. కానీ చూసి, తెలిసి, ఫిర్యాదు అందుకుని కూడా వదిలేయడం క్షేమమన్న నమ్మకం ఎక్కడైనా ప్రమాదమే.

ప్రశ్న: ఏళ్లుగా జీతం లేకుండా గ్రూపును పెంచాం. దానిపై మాకు హక్కు లేదా?
– అలసిపోయిన మోడరేటర్లు

జవాబు: నైతికంగా ఉంది. తాళంచెవి మాత్రం మీది కాదు. బయటి యాప్‌ల మీద పెట్టిన ఛార్జీలకు నిరసనగా 2023 జూన్ 12న వేల రెడిట్ గ్రూపులను మోడరేటర్లు మూసేస్తే, తెరవకపోతే మిమ్మల్నే మారుస్తామని కంపెనీ చెప్పింది. అమెరికా ఆన్‌లైన్‌కు పని చేసిన స్వచ్ఛంద కార్యకర్తలు తమది ఉద్యోగమేనంటూ 1999లో దావా వేశారు. 2010లో కోటీ యాభై లక్షల డాలర్లకు రాజీ అయింది.

అలసట సంగతి లెక్కగా చూడండి. సభ్యుల సంఖ్యను పక్కన పెట్టి రోజుకెన్ని రిపోర్టులో చూడండి. చదివి, నిర్ణయించి, కారణం పంపడానికి ఒక్కోదానికి మూడు నాలుగు నిమిషాలు వేసుకుంటే 40 రిపోర్టులంటే రెండు గంటలకు పైనే. ఒక్కరి మీద అరగంటకు మించి పడకుండా మనుషుల్ని చేర్చుకోండి. చేర్చుకున్నవాళ్లకు మొదటి నెల పోస్టులు తీసే అధికారం చాలు, బ్యాన్ చేసే అధికారం తర్వాత. యజమాని ఖాతా ఒక్కటే ఉంటే, అది హ్యాక్ అయిన రోజున గ్రూపు పోయినట్టే. ప్రతి మోడరేటర్ రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి. మూడు నెలలు కనిపించనివాళ్ల అధికారాలు తీసేయాలి, తిరిగొస్తే ఇవ్వొచ్చు. మొహమాటానికి వదిలేసిన పాత ఖాతాల నుంచే దొంగలు దూరతారు.

ప్రశ్న: ‘బతకాలని లేదు’ అని అర్ధరాత్రి ఒక పోస్టు వచ్చింది. తీసేశాం. సరైన పనేనా?

జవాబు: తీసేసి ఊరుకుంటే ఆ మనిషికి ఇక్కడా తలుపు మూసేసినట్టవుతుంది. పోస్టును అందరి కంటికీ కనిపించకుండా దాచి, వెంటనే ఒకరు నేరుగా సందేశం పంపండి: ‘మీరు రాసింది చదివాం. ఇప్పుడు క్షేమంగా ఉన్నారా? దగ్గర ఎవరైనా ఉన్నారా?’ ధైర్య వచనాలు, హితబోధలు వద్దు. వాళ్ల దేశపు సహాయ నంబరు ఇవ్వండి, వేదికలో ఇలాంటి పోస్టులకున్న ప్రత్యేక రిపోర్ట్ వాడండి. ఇప్పుడే ప్రాణం తీసుకుంటున్నామన్న మాట ఉండి, ఎక్కడున్నారో తెలిస్తే అత్యవసర సేవలకు చెప్పండి. మీరు చికిత్స చేసేవాళ్లు కారు. అంతవరకే మీ పని.

పిల్లల లైంగిక దృశ్యాల విషయంలో మాత్రం వేరే జాగ్రత్త. స్క్రీన్‌షాట్ తీయొద్దు, ‘చూడండి’ అని తోటి మోడరేటర్లకు పంపొద్దు. చాలా దేశాల్లో దగ్గర ఉంచుకోవడమే నేరం. లింకు, సమయం, ఖాతాపేరు రాసుకుని వేదికకూ పోలీసులకూ తెలపండి.

ప్రశ్న: తీసేసిన పోస్టుల చిట్టా అందరికీ చూపించాలా?
– పాత సభ్యుడు, రెండో ఉత్తరం

జవాబు: మొత్తం చూపిస్తే, తీసేసిన చెత్త అంతా ఇంకో కిటికీలోంచి మళ్లీ ప్రదర్శనకు పెట్టినట్టే. పరువు పోయిన సభ్యుల పేర్లూ అందులో ఉంటాయి. నెలకోసారి అంకెలు చాలు: ఎన్ని రిపోర్టులు వచ్చాయి, ఏ నియమం కింద ఎన్ని తీశారు, ఎన్ని యంత్రం తీసింది, ఎంతమందికి మ్యూట్, ఎంతమందికి బ్యాన్, ఎన్ని అప్పీళ్లు, వాటిలో ఎన్నింట్లో మోడరేటర్లు వెనక్కి తగ్గారు. ఈ చివరి అంకెను దాచాలనిపిస్తుంది, దాచొద్దు. ఏడాది పొడవునా అది సున్నా అయితే మీ అప్పీళ్లు ఎవరూ చదవడం లేదని సభ్యులు అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. అప్పీలు చూసే మనిషి మొదట నిర్ణయం తీసుకున్న మనిషి కాకూడదు.

లోపలి చిట్టా మాత్రం పూర్తిగా ఉండాలి: తేదీ, లింకు, తీసిన వాక్యం, నియమం సంఖ్య, చేసినవారు, శిక్ష. వేదిక ఇచ్చే చిట్టాను నమ్ముకోవద్దు. టెలిగ్రామ్‌లో ‘ఇటీవలి చర్యలు’ 48 గంటలే నిలుస్తాయి, డిస్కార్డ్‌లో 45 రోజులు. శుక్రవారం రాత్రి చేసిన బ్యాన్ మీద సోమవారం అప్పీలు వస్తే టెలిగ్రామ్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని తీసిన వెంటనే, అదే పూటలో షీటులో ఒక వరస రాసేయండి.